చిట్టా, ఆవర్జా, ఋణచిహ్నము

ఇంటి లెక్కలు వ్రాయు నలవాటుగల సోదరీమణులకు చిట్టాకును ఆవర్జాకును గల భేదమును చెప్పనక్కరలేదు. ఏనాటి వ్యయ మానాడు వరుసగా వ్రాసికొనునది చిట్టా. ఆ యంకెలనే పాలకింత, బియ్యమున కింత, చాకలి కింత యని పేరు పేరున విడదీసి తిరుగవ్రాయునది ఆవర్జా. సొమ్ము ఒక్కటియే, కూర్పు మాత్రము వేఱు. చిట్టాలో కనబడని సంగతి ఆవర్జాలో కన్నులకు గట్టును. నెలలో పాలకెంత పోయెనో చిట్టా చెప్పదు. ఆవర్జా చూచిన నొక్క నిమిషమున తెలియును.

గణితశాస్త్రమునందును ఇట్టి తిరుగవ్రాత యొకటి కలదు. ఫ్రాన్సు దేశీయుడగు ఫూరియే (1768–1830) వేడిమి వస్తువులయందు వ్యాపించు విధమును గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున దానిని విరివిగా వాడెను. కావున దానికి ఫూరియే పరివర్తన మని పేరు నిలిచినది. లెక్కలోని యంకెలు కొన్నియే యై, విడివిడిగా నున్నపుడు దానిని వివిక్త పరివర్తన మందురు. ఇది పండితుల గదులలో మాత్రమే యుండు వస్తువని తలపవలదు. మన చేతిలోని సెల్‌ఫోను తీసిన చిత్రమును కొద్దిచోటులో దాచునది ఇట్టి పరివర్తనములలో నొకటియే. దానిని బెంగుళూరున జన్మించిన నాసిర్ అహ్మద్, నటరాజన్, రావు అను మువ్వురు 1974లో ప్రకటించిరి.

నేడు నేను చెప్పదలచినది ఈ పరివర్తనమునకు సంబంధించిన యొక చిన్న నియమము. అది చిహ్నములను గూర్చినది. సున్నకంటె తక్కువ యగు సంఖ్యకు మనవారు పెట్టిన పేరు ఋణము. ఎక్కువ యగు దానికి ధనము. క్రీ. శ. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున ధన ఋణములను కూడుటకును గుణించుటకును సూత్రములు చెప్పెను. అప్పు, కలిమి యను ఇంటిమాటలే గణితపు మాటలైనవి. ఈ నియమమును చెప్పుటకు అంతకంటె తగిన మాటలు నాకు దొరకలేదు. ప్రశ్న యిది: చిట్టాలోని ఋణము నంతయు ఒక మూలకు ఒదిగించి, ఆవర్జాలోని ఋణమును గూడ ఒక మూలకే ఒదిగింప వచ్చునా? వీలులేదని గణితము చెప్పుచున్నది. ఏల వీలులేదో కూడిక, హెచ్చవేత తెలిసినవారెల్లరును గ్రహింపగలరు.

మొదట చిట్టా ఎట్టిదో చెప్పెదను. గోడగడియారమును తలచుకొనుడు. పండ్రెండు గంటల గుర్తులకు బదులుగా వలయాకారముగ పండ్రెండిండ్లు ఉన్నవనుకొందము. పైనున్న పండ్రెండవ గుర్తును సున్నయిల్లు అందము. తక్కినవి ఒకటి మొదలు పదునొకండు వరకు. ప్రతి యింటిలోను ఒక యంకె యుండును: ధనమైనను, ఋణమైనను, సున్నయైనను సరే. ఒక నియతి మాత్రము పాటింపవలెను. ముగ్గు వేయునపుడు ఎడమవైపు కుడివైపు నొక్కతీరున నుంచుదుము గదా. అట్లే ఒకటవ యింటిలో నున్నది పదునొకండవ యింటిలోను, రెండవ యింటిలో నున్నది పదవ యింటిలోను ఉండవలెను.

ఇక ఆవర్జా కట్టు విధము. గడియారపు ముల్లు పొడవును ఒకటి యనుకొనుడు. ముల్లు కొన, నడిమి మేకు కంటె ఎంత ఎత్తున నున్నదో చూడుడు. పండ్రెండింట అది ఒకటి, ఒంటిగంటకు 0.866, రెండింటికి అర, మూడింటికి సున్న, నాలుగింటికి అర క్రిందికి, అనగా ఋణము అర, ఐదింటికి ఋణము 0.866, ఆరింటికి ఋణము ఒకటి. ఆపైన మరల ఎక్కును. ఆవర్జాలో ఒకటవ పద్దు కావలెనన్నచో, సున్నయింటి కడ ముల్లును పైన నుంచి, ఇంటింటికి ఒక్కొక్క గంట చొప్పున జరుపుచు, ఆయా యింటి యంకెను ఆయా యెత్తుచే హెచ్చవేసి, అన్నింటిని కూడవలెను. రెండవ పద్దునకు ముల్లును రెండేసి గంటలు జరుపవలెను, మూడవదానికి మూడేసి. సున్నపద్దునకు ముల్లు కదలనే కదలదు. కావున ఆ పద్దు చిట్టా మొత్తమే. ఇట్లు పండ్రెండు పద్దులు వచ్చును. ఇందలి చమత్కార మేమనగా, ఆవర్జానే చిట్టాగా భావించి మరల ఇదే పని చేసినచో, మొదటి చిట్టాయే పండ్రెండు రెట్లయి తిరిగి వచ్చును. పండ్రెండుచే భాగించిన చాలును, ఎక్కడి యంకె అక్కడ చేరును.

ఋణమును సులభముగా తప్పించుకొను దారు లున్నవి. చిట్టా నంతయు ధనముతో నింపవచ్చును గదా! కావున రెండు షరతులు పెట్టుదురు. మొదటిది: చిట్టా మొత్తము సున్నకు మించరాదు. రెండవది: సున్నయింట ధనము ఉండరాదు, సున్న యైనను ఋణమైనను ఉండవచ్చును. ఈ రెండవ షరతునకు ఆవర్జాలో అర్థ మేమనగా, ఆవర్జా మొత్తమును సున్నకు మించరాదు; ఏలయన ఆవర్జా మొత్తము సున్నయింటి యంకెకు పండ్రెండు రెట్లు. అన్నియు సున్నలే యైన చిట్టాను మాత్రము లెక్కలోనికి తీసికొనరు.

ఇప్పుడు పెన్సిలు తీసికొని చూడుడు. సున్నయింటివారు పదునొకండు రూపాయలు అప్పుపడి యున్నారు. తక్కిన పదునొకండిండ్లలో ఇంటి కొక రూపాయి యున్నది. మొత్తము సున్న. ఋణ మొక్క యింటనే యున్నది. చిట్టాలో దానిని ఇంతకంటె ఒదిగించుటకు లేదు. మరి ఆవర్జా? సున్నపద్దు సున్న. తక్కిన ఏ పద్దులో నైనను ముల్లు తిరుగునపుడు పండ్రెండు ఎత్తులను కూడిన సున్నయే వచ్చును. అందు పైనున్న ఒకటిని తీసివేసిన ఋణము ఒకటి మిగులును. దానికి సున్నయింటి ఋణము పదునొకండు చేరినచో ఋణము పండ్రెండు. కావున ఒకటి మొదలు పదునొకండు వరకు ప్రతి పద్దును ఋణము పండ్రెండే! ఒక యింట అణచిపెట్టిన అప్పు ఆవర్జాలో పదునొకండు చోటుల తల యెత్తినది.

ఇంతకంటె నేర్పుగా అమర్చవచ్చును. సున్నయింట ఋణము ఒకటి, ఆరవ యింట ధనము ఒకటి, తక్కినవి సున్నలు అనుకొనుడు. అప్పుడు ఆవర్జాలో సరిసంఖ్య పద్దులు సున్నలు. బేసిసంఖ్య పద్దు లారును ఋణము రెండేసి. పదునొకండు ఆరునకు దిగినది. ఇంకను నేర్పు చూపుదము. మూడవ యింటను తొమ్మిదవ యింటను ధనము ఒక్కొక్కటి, ఆరవ యింట ఋణము రెండు, తక్కినవి సున్నలు. ఈ సారి ఆవర్జా వరుసగా ఇట్లు వచ్చును: సున్న, ధనము రెండు, ఋణము నాలుగు, ధనము రెండు, మరల సున్న, రెండు, ఋణము నాలుగు, రెండు, మరల అదే. ఋణము రెండవ పద్దునను, ఆరవ పద్దునను, పదవ పద్దునను మాత్రమే యున్నది. పదునొకండు ఆరయినది, ఆరు మూడయినది. మూడును రెండు చేయవచ్చునా? చిట్టాలో ఋణము ఒక్క యింటనే యుండగా, ఆవర్జాలో రెండే పద్దులందు ఉంచవచ్చునా?

వీలులేదు. నియమ మిది: చిట్టాలోని ఋణపుటిండ్ల సంఖ్యను ఆవర్జాలోని ఋణపు పద్దుల సంఖ్యచే హెచ్చవేసినచో, మొత్తము ఇండ్ల సంఖ్యలో నాలుగవ వంతునకు తగ్గదు. పండ్రెండిండ్లకు నాలుగవ వంతు మూడు. కావున మన మూడవ చిట్టా ఈ నియమపు టంచును తాకినది. ఇక దిగుటకు చోటు లేదు.

దీనికి ఋజువు చూడుడు. గణితమున ఋజువు లేనిది నమ్మిక యగును గాని జ్ఞానము కాదు. గుర్తు పట్టింపు లేక, అప్పును కలిమిని గూడ ఉన్నదున్నట్లు కూడిన మొత్తమును స్థూలమొత్తము అందము. మూడవ చిట్టాలో అది నాలుగు: ఒకటి, ఒకటి, రెండు. ఇప్పుడు మొదటి మాట. చిట్టా మొత్తము సున్నకు మించలేదు గదా. అనగా కలిమి అప్పునకు మించలేదు. కావున స్థూలమొత్తము, అప్పునకు రెట్టింపునకు మించజాలదు. రెండవ మాట. అప్పు కొన్ని యిండ్లలోనే యున్నది. ఏ యింటి యప్పైనను చిట్టాలోని పెద్దయంకెకు మించదు. కావున స్థూలమొత్తము, ఋణపుటిండ్ల సంఖ్యను పెద్దయంకెచే హెచ్చవేసి రెట్టించిన దానికి మించదు. ఆవర్జాకును ఈ రెండు మాటలు అచ్చముగా వర్తించును. దాని మొత్తమును సున్నకు మించదని ముందే చెప్పితిని.

మూడవ మాట ముల్లును గూర్చినది. ముల్లు ఎత్తు ఎన్నడును ఒకటికి మించదు. కావున ఆవర్జాలోని ఏ పద్దైనను చిట్టా స్థూలమొత్తమునకు మించదు. తిరుగుదారిలోను అంతే, కాని పండ్రెండుచే భాగింపవలెను: చిట్టాలోని ఏ యంకెయైనను ఆవర్జా స్థూలమొత్తములో పండ్రెండవ వంతునకు మించదు.

ఇక గొలుసు కట్టుదము. చిట్టా స్థూలము, చిట్టాలోని పెద్దయంకెను ఋణపుటిండ్ల సంఖ్యచే హెచ్చవేసి రెట్టించిన దానిలోపల నున్నది. ఆ పెద్దయంకె ఆవర్జా స్థూలములో పండ్రెండవ వంతు లోపల నున్నది. ఆవర్జా స్థూలము, ఆవర్జాలోని పెద్దపద్దును ఋణపు పద్దుల సంఖ్యచే హెచ్చవేసి రెట్టించిన దానిలోపల నున్నది. ఆ పెద్దపద్దు మరల చిట్టా స్థూలము లోపల నున్నది! బయలుదేరిన చోటికే వచ్చితిమి. దారిలో రెండు రెట్టింపులు కలిసి నాలుగు, ఋణపుటిండ్ల సంఖ్య, ఋణపు పద్దుల సంఖ్య, పండ్రెండుచే భాగారము మాత్రమే చేరినవి. చిట్టా స్థూలము తనకంటె తాను చిన్నది కాజాలదు. కావున నాలుగు రెట్ల ఆ గుణకారము పండ్రెండునకు తగ్గరాదు. అనగా ఆ గుణకారము మూడునకు తగ్గరాదు. ఇంతే. ఇండ్లు పండ్రెండు కాక ఎన్నియైనను ఇదే వాదము చెల్లును.

ఈ ఋజువు మొదట చదివినపుడు ఇందేదో దాచినారని నాకు తోచెను. మూడు మారులు పద్దుపుస్తకపు వెనుక అట్టమీద వ్రాసి చూచిన పిమ్మటనే దాచినదేదియు లేదని తెలిసినది. ఉన్నత గణితమునకు పెద్ద పరికరములు కావలెనని తలచి వెనుదీయు వారికి దీనిని చూపదగును.

దీనికి పండితులు పెట్టిన పేరు చిహ్నముల అనిశ్చితత్వ నియమము. 1927లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హైసెన్‌బర్గు, అణుకణము యొక్క స్థానమును వేగమును రెంటిని ఒక్కమారు సూక్ష్మముగా నిర్ణయింప వీలులేదని చెప్పెను. ఒకవైపు బిగించిన రెండవవైపు సడలును. స్థానము చిట్టా యనుకొన్నచో వేగము ఆవర్జా వంటిది. అచ్చట విస్తృతిని గూర్చిన మాట. ఇచ్చట ధన ఋణములను గూర్చిన మాట. పోలిక అంతవరకే.

పండితు లడుగు ప్రశ్న మన ప్రశ్నకంటె కొంచెము భిన్నము. ఋణపుటిండ్లు ఎన్ని యని గాక, సున్నయింటినుండి కడపటి ఋణపుటిల్లు ఎంత దూరమున నున్నదని వారడుగుదురు. అది దాటిన పిమ్మట అంతయు ధనమో సున్నయో కావలెను. ఇదియు మన నియమమునకు లోబడినదే. కడపటి ఋణము ఇరువైపుల ఇరువదియేడిండ్ల దూరమున నున్నచో, ఋణమునకు చిక్కగల ఇండ్లు అటు ఇరువదియేడు, ఇటు ఇరువదియేడు, నడుమ ఒకటి, మొత్తము ఏబదియైదు. పండ్రెండువేల ఇండ్ల వలయమున గుణకారము 3,000కు తగ్గరాదు. 53ను 53చే హెచ్చించిన 2,809 మాత్రమే, 55ను 55చే హెచ్చించిన 3,025. కావున చిట్టాలోను ఆవర్జాలోను కడపటి ఋణము సమానదూరమున నున్నయెడల, ఆ దూరము ఇరువదియేడిండ్లకు తగ్గదు.

ఇండ్లను అంతులేక పెంచి, ఒకదాని కొకటి అంటునట్లు దగ్గరగా చేర్చినచో వలయము పోయి సరళరేఖ యగును. ఆ రేఖపై ఈ నియమమును మొదట చూపినవారు బూర్గేన్, క్లోజెల్, కహాన్ అను మువ్వురు. వారి వ్యాసము 2010లో ఫూరియే పేరిట నెలకొన్న సంస్థవారి పత్రికలోనే వెలువడుట ముచ్చట గొలుపు సంగతి. రేఖపైని కొలతల ప్రకారము, చిట్టా ఆవర్జా రెండును ఒకటే యై సున్నచోట సున్న గలిగిన లెక్కలలో కడపటి చిహ్నపు మార్పు ఎంత దగ్గరకు రాగలదు? 0.41కును 0.64కును నడుమ నని వారు తేల్చిరి. 2017లో గొన్సాల్వెస్, ఒలివేరా ఎ సిల్వా, స్టైనర్‌బర్గర్ అనువారు ఆ యెడమును 0.45కును 0.594కును నడుమకు కుదించిరి. పండ్రెండిండ్ల వలయమున మనము అంచును తాకితిమి. రేఖపై వారికి అంచు చిక్కలేదు. వలయమున ఇండ్లను లెక్కించుట, రేఖపై దూరమును కొలుచుట. ఈ రెంటికి నంత భేద మున్నది.

ఇక ఆశ్చర్యమైన మాట. ఈ నియమమునకు ఒక తోబుట్టువు కలదు. అందు ఒక లెక్క కడకు ధనముగను, రెండవది కడకు ఋణముగను నిలువవలెను. ఆ తోబుట్టువు బంతులను పేర్చు సమస్యతో ముడివడి యున్నది. అంగడిలో బత్తాయిపండ్లను గోపురముగా పేర్చుట మన మెరుగుదుము. ఎంత నేర్పుతో పేర్చినను చోటులో నూటికి 74 వంతులకు మించి పండ్లు నింపలేమని థామస్ హేల్స్ 1998లో నిరూపించెను. గణితజ్ఞులు పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు కొలతలతో తృప్తి పడరు. నాలుగు, ఎనిమిది, ఇరువదినాలుగు కొలతల చోటులందును బంతులను పేర్చుదురు. ఆ చోటులను కన్నుతో చూడలేము గాని లెక్కతో తెలిసికొనవచ్చును. 2003లో కోన్, ఎల్కీస్ అనువారు ఒక మార్గము కనిపెట్టిరి. కొంతదూరము దాటిన పిమ్మట చిట్టాలో ధన మెచ్చటను లేక, ఆవర్జాలో ఋణ మెచ్చటను లేక యుండు లెక్క యొకటి దొరకినచో, దాని సాయమున బంతులు ఇంతకు మించి దట్టముగా పేర్చబడవని హద్దు గీయవచ్చును. ఆ దూరము ఎంత తగ్గిన హద్దు అంత బిగువగును. కాని చిహ్నముల నియమము ఆ దూరమును ఒక మితికి తగ్గనీయదు.

ఎనిమిది కొలతల చోటున ఆ మితి సరిగా రెండు యొక్క వర్గమూలము, సుమారు 1.414. ఆ చోటున అందరెరిగిన ఒక పేర్పులో పొరుగు బంతుల నడిమి దూరమును అంతే. రెండును కలిసినయెడల ఆ పేర్పే శ్రేష్ఠ మని తేలును. కాని ఆ మితిని తాకు లెక్క ఎవరికిని చిక్కక పదేండ్లకు పైగా గడచినవి. దానిని 2016 మార్చిలో కనుగొన్నది ఒక స్త్రీ. ఆమె పేరు మరీనా వ్యాజోవ్‌స్కా. 1984లో ఉక్రెయిను దేశపు కీవ్ నగరమున జన్మించినది. అప్పుడామె బెర్లినులో నుండెను. కొన్ని దినములకే మరి నలుగురితో, కోన్, అభినవ్ కుమార్, మిల్లర్, రాద్చెంకో అనువారితో కలిసి ఇరువదినాలుగు కొలతల సమస్యను గూడ సాధించెను. అచ్చట ఆ మితి సరిగా రెండు. 2022లో ఆమెకు ఫీల్డ్సు పతకము నిచ్చిరి. 1936 మొదలు ఇచ్చుచున్న ఆ పతకమును పొందిన రెండవ స్త్రీ ఆమె. మొదటివారు 2014లో పొందిన ఇరానుదేశీయురాలు మరియం మిర్జాఖాని (1977–2017).

మొదటి నియమమున గూడ ఒక్క చోట అంచు చిక్కినది. 2019లో కోన్, గొన్సాల్వెస్ అనువారు పండ్రెండు కొలతల చోటున ఆ మితి రెండు యొక్క వర్గమూలమే యని ప్రకటించిరి. వారు వాడిన సాధనములు వ్యాజోవ్‌స్కా వాడిన జాతివే.

వివిక్త లెక్కలకు మరల వత్తము. 2020లో గొన్సాల్వెస్, ఒలివేరా ఎ సిల్వా, రామోస్ అను మువ్వురు ఈ నియమమును పలువిధముల పరివర్తనములకు విస్తరించి వ్యాసము వెలువరించిరి. అందు వివిక్త ఫూరియే పరివర్తనమును ఒకటి. వివిక్తమునకును రేఖకును గల సంబంధమును వారు లెక్కలు కట్టి చూపిరి. గోళముపై నున్న లెక్కలకును ఈ నియమము నన్వయించిరి. వార్తలు పంపునపుడు దారిలో తప్పులు దొరలినను సరిదిద్దుకొను సంకేతములు కలవు; వానికి హద్దులు గీయుటకు 1973లో బెల్జియము దేశీయుడు డెల్సార్ట్ చూపిన మార్గమునను వివిక్త లెక్కల చిహ్నములే పనిచేయును. బంతులకు కోన్, ఎల్కీస్ చేసినది సంకేతములకు డెల్సార్ట్ చేసిన దానికి తోడైనది.

చదువరులలో ఉత్సాహముగల వారు పదునారిండ్ల వలయముతో ప్రయత్నింపవచ్చును. ముల్లు పూర్తిచుట్టును పదునారు భాగములుగా విభజించి, ఇంటి కొక్క భాగము చొప్పున జరుపుడు. నాలుగవ యింటను పండ్రెండవ యింటను ధనము ఒక్కొక్కటి, ఎనిమిదవ యింట ఋణము రెండు ఉంచుడు. ఎత్తులు పెక్కు అవసరము లేదు. ముల్లు పైన, క్రింద, ప్రక్కన మాత్రమే నిలుచును. ఆవర్జాలో ఋణము రెండవ, ఆరవ, పదవ, పదునాలుగవ పద్దులందు మాత్రము ఋణము నాలుగేసిగా రావలెను. అయిదవచోట ఋణము కనబడినయెడల కూడికలో పొరపాటు జరిగిన దని తెలిసికొని మరల చూడుడు. మూడు చోటులే కనబడినను అంతే.